మూడు పిడికిళ్ల ఇసుక
(సామల సదాశివ స్మారకోపన్యాస పాఠం)



ఆదిలాబాద్‌లో నిలబడి రచనకు స్ఫూర్తి ఎక్కడి నుంచి వస్తుందని మాట్లాడేవాడు బాసరను తప్పించుకుని పోలేడు. చదువుల తల్లి మన గోదావరి ఒడ్డునే కొలువై ఉంది. వసంత పంచమి నాడు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే తల్లిదండ్రులతో ఆ గుడి కిటకిటలాడుతుంది. అక్కడి స్థలపురాణం మీకు తెలిసిందే. కురుక్షేత్రం ముగిశాక మనసు కుదుటపడక వ్యాసుడు దక్షిణానికి వచ్చాడు. గోదావరి తీరంలో ఆగాడు. రోజూ స్నానం చేసి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి మూడు చోట్ల పోసేవాడు. ఆ ఇసుకే సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులైందంటారు.

పురాణాన్ని చరిత్రగా చెప్పడం నా పని కాదు. అయితే ఈ కథ అల్లినవాడెవడో రాత పని తెలిసినవాడని నా నమ్మకం. అంతటి వ్యాసుడికి కూడా సరస్వతి ఒక్కనాటితో ప్రత్యక్షం కాలేదు. రోజుకో పిడికెడు చొప్పున ఆయనే పోసుకోవలసి వచ్చింది. నిన్న పోసిన ఇసుక ఎంత ఎత్తుకు వచ్చిందో, ఇవాళ ఎటువైపు పోయాలో చూసుకునే ఉంటాడు. పోతన ఇంటికి రాముడు వచ్చి పద్యం పూర్తి చేసి పోయిన ముచ్చట మీ నాలుకల మీద ఉందని నాకు తెలుసు. అది బమ్మెర వాళ్ల సొత్తు, ఇవాళ్టికి వాళ్లకే వదిలేద్దాం. మనకు బాసర చాలు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచిపోయేవాళ్లకు ఇబ్బంది ఉండదు. రాసేవాడికి లోపల తోచేది ఆకాశం నుంచి ఊడిపడదు. ఏళ్ల తరబడి విన్నదంతా కలిసి లోపల ఒక చెవిగా తయారవుతుంది. ఆ చెవి "రాయి" అన్నప్పుడు నమ్మినా నమ్మకపోయినా ఫర్వాలేదు. "ఇది కాదు" అన్నప్పుడు మాత్రం నమ్మి తీరాలి.

ఈ మాటకు నాకు దొరికే మొదటి సాక్షి సదాశివ సారే. 1928లో దహెగాం దగ్గర తెనుగుపల్లెలో పుట్టారు. చదివింది నిజాం రాజ్యంలో, ఉర్దూలో. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, దాని వెనక ఫారసీ, పెన్‌గంగ అవతల నుంచి వచ్చే మరాఠీ, అందరూ వాడే హిందీ. ఇన్ని భాషలు ఒక మనిషిలో కూడితే సాధారణంగా పాండిత్యం బరువెక్కుతుంది. ఆయనకు అట్లా కాలేదు. ఆయన వచనం చదువుతుంటే అరుగు మీద కూర్చుని ముచ్చట పెడుతున్నట్టే ఉంటుంది. అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు, గాలిబ్ మీద పుస్తకం రాశారు, ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగువాళ్లకు పరిచయం చేశారు. తొలిరోజుల్లో ఆయన పద్యాలూ రాశారు. అయినా ఇవాళ మనం ఆయన్ను తలుచుకునేది 'యాది' కోసం, 'మలయమారుతాలు' కోసం, 'సంగీత శిఖరాలు' కోసం, 'స్వరలయలు' కోసం. ఈ చివరి పుస్తకానికే 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన వెళ్లిపోయారు.

హిందుస్తానీ సంగీతం మీద అంత రాసిన మనిషి కచేరీ చేసే గాయకుడు కాదు. వినేవాడు. నేను ఇవాళ పట్టుకున్న కొస ఇదే. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ప్రతిభను రెండుగా విడదీశాడు. రాసేవాడిలో ఉండేది కారయిత్రి, ఆస్వాదించేవాడిలో ఉండేది భావయిత్రి. మన తరగతి గదుల్లో ఈ రెంటినీ రెండు వేర్వేరు మనుషులకు పంచిపెట్టి చెప్తారు: కవికి ఒకటి, విమర్శకుడికి ఇంకొకటి. సదాశివ సార్‌ను చదివాక నాకు ఆ పంపకం మీద నమ్మకం పోయింది. రాసేవాడి లోపల వినేవాడు లేకపోతే రాత సాగదు. ఒక ఖాన్ సాహెబ్ ఆలాపనలో ఎక్కడ ఆగాడో, ఏ స్వరాన్ని తాకకుండా దాటేశాడో ఏళ్ల పాటు గమనించిన చెవికి తన వాక్యంలో ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన గద్యంలో గొప్ప సంగతి ఆపడమే. ఒక మనిషి గురించి చెప్తూ చెప్తూ, ఇంకొక విశేషణం పడుతుందేమో అని మనం అనుకునేలోపే ఇంకొకరి ముచ్చటలోకి వెళ్లిపోతారు.

ఇక ధర్మపురి వైపు పోదాం. శేషప్ప కవి 'నరసింహ శతకం' మన జిల్లాల్లో నోటికి రాని పాతతరం మనిషి అరుదు. ఆ శతకం మొదట్లోనే కవి ఒక మాట ఒప్పుకుంటాడు. తనకు గణాలు, యతులు, ప్రాసల లక్షణం తెలియదు; పంచకావ్యాలు చదవలేదు; అమరకోశం తిరగేయలేదు; శాస్త్రాలు ముట్టలేదు; ఇందులో తన తెలివి ఏమీ లేదు, అంతా స్వామి దయే అంటాడు. పెద్దలు దీన్ని భక్తుడి వినయం అని వదిలేస్తారు. నేను వదిలిపెట్టను, ఎందుకంటే ఆ మాట ఆయన చెప్పింది సీసపద్యంలో.

సీసం అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం రెండు ముక్కలుగా విరుగుతుంది. ప్రతి ముక్కలో మొదటి గణం తొలి అక్షరానికి మూడో గణం తొలి అక్షరంతో యతి కుదరాలి. అట్లాంటివి నాలుగు పాదాలయ్యాక ఒక ఆటవెలదో తేటగీతో తోకలా రావాలి. ఇవేవీ తెలియవని చెప్పిన పద్యం వీటన్నిటినీ పాటిస్తూ నడుస్తుంది. అబద్ధమాడాడా? లేదు. ఆయన లక్షణ గ్రంథం చదవకపోయి ఉండవచ్చు. సీసపద్యాలు మాత్రం వేలకొద్దీ విని ఉంటాడు. గుడి మండపంలో పురాణం చెప్పేవాళ్లు పాడారు, పొలం గట్ల మీద పాడారు, పెళ్లి పందిళ్లలో పాడారు. గణం తప్పితే చెవికి తగులుతుంది. చెవికి తగిలినదాన్ని నోరు దిద్దుకుంటుంది. ఆ పనికి సూత్రం పేరు తెలియవలసిన అవసరం లేదు. శేషప్ప దాన్ని నరసింహుడి దయ అన్నాడు. నేను ధర్మపురి ఊరంతటి దయ అంటాను. ఈ మాటతో స్వామికి కోపం రాదనే అనుకుంటున్నా.

ఈ చెవి మన దగ్గర చాలా పాతది. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది కదా. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడ రాతి మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడూ ఒకే బండ మీద. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ ఇంకా పుట్టని కాలం. కందం అంత సులువైన పద్యం కాదు. అప్పటికే ఎందరో పాడగా పాడగా అరిగి నున్నబడితే తప్ప అది రాయి మీదికి ఎక్కదు. ఆ పాడినవాళ్ల పేర్లు శాసనంలో ఉండవు.

సి.నారాయణరెడ్డి గారిది కూడా ఇదే దారి. వేములవాడ పక్కన హనుమాజీపేట. సిరిసిల్లలో, కరీంనగర్‌లో, ఆ తర్వాత ఉస్మానియాలో డిగ్రీ దాకా చదువు ఉర్దూ మాధ్యమంలోనే. తెలుగులో ఇంత లయ ఎక్కడి నుంచి వచ్చిందంటే, చిన్నప్పుడు విన్న హరికథలు, జంగం కథలు, జానపదాల నుంచే. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుది కూడా ఆ హనుమాజీపేటే. ఒక ఊరు ఒక జ్ఞానపీఠ కవినీ, ఒక ఒగ్గు కథకుడినీ ఇచ్చిందంటే ఆ ఊరి గాలిలో ఏదో ఉందని అనేస్తారు జనం. గాలిలో ఏమీ లేదు. రాత్రుళ్లు జనం కూర్చుని వినేవారు, అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని దాటేసి పోతే నా వాదం కుంటిదవుతుంది. విన్నదే లోపలి చెవిగా మారుతుందంటే, విన్న చెత్త కూడా మారుతుంది కదా? మారుతుంది. పెన్ను పట్టగానే ముందు వరుసలో నిలబడేది అదే. కొత్తగా రాసే పిల్లలు "సార్, ధారగా వచ్చింది, ఒక్క అక్షరం మార్చలేదు" అని గర్వంగా చెప్తారు. చదివితే కళ్లలో సముద్రాలు పొంగుతుంటాయి, గుండె లోతుల్లో అగ్నిపర్వతాలు బద్దలవుతుంటాయి. సముద్రం లేదు, అగ్నిపర్వతం లేదు మనకు. వాగులు, ఒర్రెలు, గుట్టలు, చెరువులు ఉన్నాయి. ఆ సముద్రం సినిమా పాటల్లోంచి వచ్చింది. అది వేగంగా వచ్చింది కాబట్టి మనదే అనుకుంటాం. వేగంగా వచ్చేది చాలాసార్లు పరాయిదే. ఎక్కువసార్లు చెవిన పడింది కాబట్టి ముందు పలుకుతుంది.

జగిత్యాల వైపు ఒక కుర్రాడు బీడీలు చేసే తల్లి గురించి కథ రాసి తెచ్చాడు. "అమ్మ చేతులు యంత్రాల్లా కదులుతున్నాయి" అని ఉంది. చేతులకు యంత్రాన్ని పోల్చని తెలుగు కథ ఉందా? నేనేమీ అనలేదు. మీ అమ్మ ఎట్లా చేస్తుందో చెప్పు, రాయకు, చెప్పు అన్నాను. చెప్పాడు. తడిపిన తునికాకు, కొలత రేకు పెట్టి కత్తెరతో కోయడం, చాటలో తంబాకు, వేళ్ల మధ్య చుట్టి కొస మడిచి దారం కట్టడం, కట్టకు ఇరవై అయిదు, వెయ్యి చేస్తే కూలి. ఇవన్నీ తెలిసిన సంగతులే. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగి, "అమ్మ మాట్లాడుకుంటనే చేస్తది సార్, కాని ఇరవై అయిదు కాంగనే మాట ఆగుతది, కట్ట కట్టినంక మళ్ల అందుకుంటది" అన్నాడు. అన్నాక వాడికే ఏదో తట్టింది, ముఖం మారింది. వాళ్లమ్మ పడే కోపమూ, చెప్పే కథా, పాడే పాటా ఇరవై అయిదు దగ్గర తెగుతాయి. పుట్టినప్పటి నుంచి వింటున్నాడు, వింటున్నట్టు తెలియదు. యంత్రం పోలిక కొట్టేయమని నేను చెప్పాల్సిన పని లేకుండా వాడే కొట్టేశాడు. కొత్త కథలో తల్లి మాటలన్నీ తెగుతూ వచ్చాయి. ఎందుకు తెగుతున్నాయో ఎక్కడా వివరించలేదు. అందుకు ఇంకా మెచ్చుకున్నాను.

నమ్మవలసిన చెవి ఇది. వాక్యం ఇచ్చేది కాదు, వాక్యం డొల్ల అని చెప్పేది.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక్క పోలిక చెప్తాను, తప్పయితే వాళ్లే దిద్దుతారు. బొగ్గుబాయిలో రూఫ్‌ను కంటితో చూసి నమ్మరు. కడ్డీతో తట్టి వింటారు. గట్టి రూఫ్ ఖంగున మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే బొదబొదమని మొద్దు శబ్దం వస్తుంది. లాంతరు వెలుతురులో రెండూ ఒకే నలుపు. సర్వీసు పెరిగిన కార్మికుడు ఆ శబ్దం వినగానే పక్కకు జరుగుతాడు, కింద ఉన్నవాళ్లను జరగమంటాడు, ఆ వదులు బండను దింపేదాకా లేక ఆసరా పెట్టేదాకా అక్కడ పని సాగదు. ఎట్లా తెలిసిందని అడిగితే సరిగా చెప్పలేడు. కొత్తగా చేరినవాడికి రెండు శబ్దాలూ ఒకటే. ఆ తేడా తెలియడానికి ఎన్ని షిఫ్టులు పడుతుందో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రాసేవాడు తన పేజీని అట్లా తట్టి చూసుకోవాలి. బిగ్గరగా చదవడం అంటే అదే. కంటికి అన్ని వాక్యాలూ ఒకే నలుపు.

అలిశెట్టి ప్రభాకర్ ఈ కొట్టివేత విద్యలో మనవాళ్లందరికంటే ముందున్నాడు. జగిత్యాల బిడ్డ. మొదట బొమ్మలు గీసేవాడు, తర్వాత కెమెరా పట్టాడు. జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, హైదరాబాద్ పోయాక స్టూడియో చిత్రలేఖ. 1974లో 'పరిష్కారం' అనే కవిత అచ్చయింది. ఆ తర్వాత 'ఎర్ర పావురాలు', 'మంటల జెండాలు', 'చురకలు', 'రక్త రేఖ', 'సంక్షోభ గీతం'. ఆంధ్రజ్యోతిలో 'సిటీ లైఫ్' శీర్షిక ఆరేళ్లు నడిపాడు. 1954 జనవరి 12న పుట్టి, 1993 జనవరి 12న క్షయతో పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు.

ఆయన కవితలు పొట్టివి కాబట్టి మెరుపులా తట్టినవని చాలామంది అనుకుంటారు. నాకట్లా అనిపించదు. ఆ కాలపు కెమెరాలో రీలు ఉండేది. పన్నెండు బొమ్మల రీలో, ముప్పై ఆరు బొమ్మల రీలో. నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన మనిషి ముఖంలో బిగుసుకున్న కండరం సడలే క్షణం కోసం ఫోటోగ్రాఫర్ కాచుకుని కూర్చుంటాడు. నొక్కిన ఒక్కదాని వెనక నొక్కకుండా వదిలేసిన పది ఉంటాయి. జీవిక కోసం రోజూ ఆ పని చేసినవాడు కాగితం దగ్గరికి వచ్చాక ఇరవై పాదాలు రాసి పదిహేను ఉంచుకుంటాడా? నాలుగే ఉంచుకుంటాడు. ఇది నా ఊహే, ఆయన చిత్తు కాగితాలు నేను చూడలేదు. అయితే ఆ నాలుగు పాదాల్లో ఒక్క మాట తీసినా బొమ్మ చెదిరిపోతుంది, అది మాత్రం ఎవరైనా చూడవచ్చు.

ఇంకొకటి. శీర్షిక అంటే గడువు. ఒంట్లో జ్వరమున్నా, జేబులో పైసా లేకున్నా పత్రికకు కవిత పోవాలి. స్ఫూర్తి వస్తే రాస్తాను అనేవాడు ఆరు వారాలు కూడా నడపలేడు. సినారె గారు ఏటా జూలై 29న, తన పుట్టినరోజు నాడు, కొత్త పుస్తకం విడుదల చేసేవారు. దాన్ని వెక్కిరించినవాళ్లు ఉన్నారు, ఏడాదికో పుస్తకం ఏమిటి, కవిత్వమా కారఖానాయా అని. ఆ పుస్తకాలన్నీ 'విశ్వంభర' అంత ఎత్తున ఉన్నాయని నేనూ అనను. 'విశ్వంభర' 1980లో వచ్చింది, దానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. కథానాయకుడికి పేరు లేని కావ్యం. మనిషే నాయకుడు, భూమే రంగస్థలం. అంత పెద్ద సాహసానికి పూనుకునే చేతికి ఏటేటా అలవాటు తప్పకపోవడం వల్లే ఆ ధైర్యం వచ్చిందని మాత్రం అంటాను. దండి తన 'కావ్యాదర్శం'లో పుట్టుకతో వచ్చే ప్రతిభ లేకపోయినా, చదువుతో శ్రమతో కొలిస్తే వాగ్దేవి ఎంతో కొంత కరుణిస్తుందని అన్నాడు. బాసర గుడి మెట్ల మీద రాయించదగిన మాట.

ఒంటరిగా గదిలో కూర్చుని రాసేవాడికే స్ఫూర్తి సమస్య అవుతుంది. మన ప్రాంతంలో పాత కథకులకు ఆ సుఖం లేదు. బీరప్ప కథో మల్లన్న కథో తెల్లవార్లూ చెప్పే ఒగ్గు కథకుడు జనం మధ్యలో నిలబడతాడు. డోలు మోగుతుంటుంది, వంతవాడు "ఆఁ, ఆ తర్వాత?" అని తోస్తుంటాడు. కథ అందరికీ తెలిసిందే. కొత్తగా చెప్పడానికి ఉన్నది ఆ రాత్రి, ఆ ఊరు, ఎదురుగా కూర్చున్న మనుషులు. ముందు వరుసలో ఎవరో ఆవులిస్తే పాటలోంచి మాటలోకి దూకుతాడు. ఏడ్చే ఘట్టంలో ముసలమ్మ కొంగు కళ్లకు తెచ్చుకుంటే ఆ దరువును ఇంకో రెండు చుట్లు తిప్పుతాడు. ఆ నిర్ణయానికి ఆలోచించే వ్యవధి లేదు. ఎట్లా తోచిందంటే, అంతకు ముందు ఎన్ని ఊళ్లలో ఎన్ని రాత్రులు తప్పుగా తోచి జనం లేచిపోయారో, అన్నీ వాడిలో ఉన్నాయి.

గోండు గూడేల్లో పద్ధతి ఇంకా కఠినం. పర్ధాన్లు, తోటీలు కీక్రి కమాను మీద వంశాల పుట్టుకలు పాడతారు. వినేవాళ్లు ఆ వంశం వాళ్లే. వాళ్ల దేవుడి కథ, వాళ్ల పెద్దల కథ. ఒక పేరు తప్పితే పెద్దమనిషి అక్కడే ఆపుతాడు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వాళ్ల ముందు నాగోబా కథ పాడేవాడు తనకు కొత్తగా తోచిందని పాము పేరు మార్చలేడు. కథ వాళ్లది, గొంతు తనది. ఆ గొంతులో ఎంత విరుపు, ఎంత సాగతీత, ఎక్కడ కీక్రి మాత్రమే మాట్లాడాలి అన్నది తన ఇష్టం. ఈ ఇరుకులో ఆడే స్వేచ్ఛను నేను తక్కువగా చూడను. తెల్ల కాగితం ముందు కూర్చున్న మనకు అన్నీ అనుమతే, అందుకే ఏదీ తోచదు.

'కొమురం భీము' నవలను సాహు, అల్లం రాజయ్య ఇద్దరు కలిసి రాశారు. 1940లో జోడేఘాట్‌లో భీము నేలకొరిగాక ఆయన కథ చాలాకాలం గూడేల్లో నోటి మాటగా బతికింది. ఆ నోళ్ల దగ్గరికి పోయి విని రాసిన నవల అది. ఇద్దరు రచయితలకు ఒకే లోపలి చెవి ఎట్లా ఉంటుందని అడగవచ్చు. ఇద్దరూ ఒకే మనుషుల దగ్గర కూర్చున్నారు కదా! మంథని దగ్గర గాజులపల్లిలో పుట్టిన రాజయ్య కథల్లో రైతులు మాట్లాడే మాటకూ, ఈ నవలలో గోండుల మాటకూ నడక వేరు. ఒకే చేయి రెండు నడకలు నడిచిందంటే ఆ చేయి తన మాటను కాసేపు పక్కన పెట్టగలిగిందని అర్థం. స్ఫూర్తి పొందడం కంటే ఇది కష్టం.

మళ్లీ సదాశివ సార్‌కు ఇష్టమైన గాలిబ్ దగ్గరికి. తన తలపులన్నీ కనిపించని లోకం నుంచి వస్తాయనీ, కలం గీసుకునే చప్పుడు దేవదూత గొంతు అనీ గాలిబ్ ఒక షేర్‌లో అర్థం వచ్చేట్టు చెప్పుకున్నాడు. స్ఫూర్తివాదులు దాన్ని ఎత్తి చూపుతారు. ఆయన శిష్యుడు హాలీ 'యాద్‌గారె గాలిబ్'లో రాసిన సంగతి మాత్రం ఎత్తరు. గాలిబ్ రాత్రిపూట పడక మీద షేర్లు కట్టేవాడు. ఒక షేర్ కుదరగానే నడికట్టుకు ఒక ముడి వేసేవాడు. పొద్దున లేచి ఒక్కొక్క ముడీ విప్పుతూ ఒక్కొక్క షేర్ గుర్తు తెచ్చుకుని కాగితం మీద పెట్టేవాడు. రాత్రి తోచింది పొద్దున దాకా నిలవాలి. నిలిచినా సరిపోదు, యవ్వనంలో రాసిన షేర్లను ఆయన పెద్ద ఎత్తున తీసేశాడు, అందుకే బతికి ఉండగా 1841లో అచ్చయిన ఉర్దూ దీవాన్ అంత పలుచన. దేవదూత చెప్పినవాటిని కొట్టేసిన చేయి ఎవరిది మరి?

లెక్కల మనిషి పాయింకరే అనుభవం కూడా ఇట్లాంటిదే. పదిహేను రోజులు తల బద్దలు కొట్టుకున్న లెక్కకు సంబంధించిన సంగతి, ఆ ధ్యాసే లేకుండా ఊరు పోతూ బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే తట్టిందని ఆయన రాసుకున్నాడు. ఈ కథను అందరూ బస్సు మెట్టు దగ్గర ఆపేస్తారు. ఇంటికి పోయాక తీరుబడిగా రుజువు చూసుకున్నానని కూడా ఆయనే చెప్పాడు. మనసు అడుగున లెక్కలేనన్ని కలయికలు జరుగుతాయనీ, అందం తెలిసిన ఒక ఇంద్రియం పనికిరానివాటిని గడప దగ్గరే ఆపేస్తుందనీ ఆయన ఊహ. లెక్కకు కూడా కావలసింది "ఇది కాదు" అని చెప్పే చెవే అన్నమాట.

యువ రచయితలు నన్ను తరచూ అడిగేది, ఆ చెవి భయంతో కూడా కాదంటుంది కదా, దానికీ దీనికీ తేడా ఎట్లా పట్టాలి అని. మంచి ప్రశ్న. నాకు తెలిసిన గుర్తు ఒకటే. భయం మొత్తం రాతను వద్దంటుంది: నీకెందుకు, ఎవరేమనుకుంటారు, మన భాష అచ్చులో బాగుండదు అంటుంది. లోపలి చెవి మొత్తాన్ని వద్దనదు. ఫలానా పేజీలో ఫలానా మాట దగ్గర వేలు పెడుతుంది. మా తరంలో చాలామందిమి ఇంట్లో మాట్లాడే తెలుగును కథలోకి రానియ్యడానికి జంకాం. పత్రికల వాళ్లు ఏమనుకుంటారో అని పాత్రల నోళ్లలో వాళ్లెన్నడూ పలకని మాటలు పెట్టాం. అది చెవి చేసిన పని కాదు, భయం చేసిన పని. సదాశివ సార్ 'యాది'లో ఆ జంకు ఎక్కడా కనబడదు. పత్రికలో శీర్షికగా వచ్చిన ఆ వ్యాసాల్లో ఆయన తన గురించి చెప్పుకున్నది తక్కువ. తాను కలిసిన ఉస్తాదులు, మౌల్వీలు, పంతుళ్లు, చిన్న ఉద్యోగులు, ఒక్కొక్కరూ ఒక్కొక్క గొంతుతో వస్తారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. ఎన్నడో విన్న గొంతులు అన్నేళ్లూ లోపల చెడకుండా ఉన్నాయంటే, వింటున్నప్పుడు ఆయన వాటిని మధ్యలో ఆపలేదన్నమాట.

దీన్ని విని డెబ్బై దాకా ఆగుదాం అనుకోవద్దు. ప్రభాకర్‌కు అంత వయసు దొరకలేదు. ఒకరు పాతికేళ్లకే తన గొంతు పట్టుకున్నారు, ఇంకొకరి పేరు నిలబెట్టిన పుస్తకాలు ముసలితనంలో వచ్చాయి. ఏ దారి మంచిదో చెప్పమంటే నేను చెప్పలేను. ఇద్దరికీ కలిసిన గుణం ఒకటుంది: ఇద్దరూ తమకు సులువుగా వచ్చేదాన్ని అనుమానించారు.

భోజనాల తర్వాత యువ రచయితలు తమ కొత్త కథలు, కవితలు చదువుతారని నిర్వాహకులు చెప్పారు. ఒక్క కోరిక. ఫోన్‌లో చూసి కాకుండా కాగితం మీద రాసుకున్నది చదవండి, పెన్ను చేతిలో ఉంచుకోండి. చదువుతూ చదువుతూ ఎక్కడైనా గొంతు తడబడితే ఆగి అక్కడ ఒక గీత పెట్టుకోండి, తొందరేం లేదు, మేం ఆగుతాం. మైకు అక్కర్లేదు, హాలు చిన్నదే. నేను వెనక వరుసలో కూర్చుంటాను.